రేకు దడికి అటువైపు పూలు

గౌలిపుర, హైదరాబాదు
హేవిళంబి, శ్రావణ బహుళ దశమి

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లెలు సుభద్రను అక్క వెంకటరత్నం దీవించి రాసేది. మేమంతా ఆరోగ్యంగానే ఉన్నాం. నీ మోకాళ్ళ నొప్పి, మరిదిగారి దగ్గు, పిన్నిగారి కంటిచూపు ఎలా ఉన్నాయో వివరంగా రాయి. అందరూ కులాసా అని కార్డు మీద ఒక్క ముక్క గీకి పంపితే నాకు చాలదు.

అబ్బాయి పనిచేసే కర్నూలు కచేరీ ఇక్కడికి తరలి రావడంతో వాడి వెంట నేనూ రాజమండ్రి వదిలి తొమ్మిది నెలలైంది. బాగానే ఉన్నాను, దిగులు పడకు. ఈ బావినీళ్ళకు కందిపప్పు ఉడకదు. ఎండాకాలంలో మేడ గోడలు అర్ధరాత్రి దాకా సెగలు కక్కాయి. వీధిలో సగం మాటలు ఉర్దూ, మిగతా సగం తెలుగే అయినా నాకు రెండుసార్లు చెప్పాలి. అబ్బాయి చీకటి పడ్డాక గాని ఇల్లు చేరడు. కోడలికి కుట్టుమిషను, మనవరాలికి బడి. పగలంతా నాతో మాట్లాడే మనిషి ఒక్కతే ఉండేది, పెరటి దడికి అటువైపు రాజమ్మ. వాళ్ళు పాలవాళ్ళు, ఆరు గేదెలున్నాయి. ఇప్పుడు ఆ మాటా లేదు. ఎందుకు లేదో మరొకరి నోట నువ్వు వినకముందే నేనే చెబుతున్నాను.

ఆ దడి తారు పీపాలు చీల్చి, సాగగొట్టి, మేకులు దిగేసిన రేకులతో కట్టింది. తుప్పు, తారు మరకలు, గేదెలు పొడిచిన సొట్టలు. తులసి దగ్గర కూర్చుంటే సరిగ్గా కళ్ళెదుటే. మాఘంలో ఒక ఉదయం గునపం తీసుకుని గుంతలు తవ్వుతుంటే రాజమ్మ తల దడి పైకి వచ్చింది.

"ఏం దవ్వుతున్నరమ్మా, గింత పొద్దుగాల?"

"తీగలు పెడతాను. ఈ రేకులు చూస్తూ జపం సాగడం లేదు."

"మా ఆయన గొట్టిన రేకులే అవి. మీ కండ్లకు గంత పాడుగ గొడ్తున్నయా?"

"ఉన్నమాట చెప్పాను."

పకపకా నవ్వింది. "మంచిగ జెప్పిన్రు! పెండ ఎరువు నేనిస్త. మీరు పూయించుండ్రి, జూద్దాం."

ఇరవై నాలుగు మూరల దడి. మూడు మూరలకొకటి చొప్పున ఎనిమిది గుంతలు. మీ ఇంటి నుంచి తడి గోనెలో చుట్టి తెచ్చి, కుండీలో బతికించిన సన్నజాజి అంట్లు రెండు, రాధామనోహరం మూడు, శంఖుపుష్పం మూడు. నాలుగు తట్టల ఎరువు దడి మీదుగా అందించింది. వేసవిలో మా బావి అడుగంటితే వాళ్ళ బావి నీళ్ళు తోడి ఇచ్చింది. ఎనిమిదీ బతికాయి. గుంతలన్నీ కొలిచిన నేను ఎండను మాత్రం కొలవలేదు. మా మేడ నీడ మధ్యాహ్నం దాకా పెరడు వదలదు, అటువైపు ఆరుబయలు. తీగలు దడి ఎక్కి ఆ ఎండలోకే దూకాయి. పీట వేసుకుని చూస్తే అటువైపు ఒక్క రేకు కనబడదు, ఎరుపూ తెలుపూ నీలమూ. ఇటువైపు కాడలూ తుప్పూ. "పోనీలే అమ్మా, సగం మూసుకుంది కదా" అంటాడు నీ కొడుకులాంటి నా కొడుకు.

శ్రావణంలో రెండో శుక్రవారం నేను మడితో తులసికి నీళ్ళు పోస్తున్నాను. రాజమ్మ మోదుగాకు దొప్ప నిండా పూలు దడి మీదుగా చాచింది.

"పట్టుండ్రమ్మా, దేవునికి వెట్టుండ్రి. తానం జేసినంకనే తెంపిన."

"ఆ గట్టు మీద పెట్టు. పిల్ల జడలోకి పనికొస్తాయి. దేవుడికి పనికిరావు."

"ఎందుకు పనికిరావు? మీ తీగె పూలే గదా!"

"నేను మడి కట్టుకుని కోసినవే దేవుడికి."

కాసేపు చెయ్యి అలాగే ఉంచింది. "మా బర్రె పెండకు మైల లేకపాయె. మా పాలు దినాం మీ దేవునికి నైవేద్యమాయె. నా చేతుల పూలకే వచ్చెనా అమ్మా మైల?"

"పాల సంగతి వేరు."

"ఎట్ల ఏరు?"

"శాస్త్రం."

"గా శాస్త్రం మీ కాడ్నే వెట్టుకోండ్రి."

చెయ్యి వెనక్కి పోయింది. మరుక్షణం గేదె ముట్టెతో బుస్సుమని ఊదిన చప్పుడు వినబడింది. పూలు ఎక్కడ పడ్డాయో పీట ఎక్కి చూడనక్కరలేకపోయింది.

ఆ రోజు నుంచి పదకొండు రోజులైంది. పాలు ఆగలేదు. వాకిట్లో కోడలి గిన్నెలో పోసి మాట్లాడకుండా వెళ్ళిపోతుంది. ఇదివరకు కొలిచాక చెంబు ఒంచి ఒక చారెడు కొసరు పోసేది, అది నాకు నచ్చదని అనేదాన్ని. ఇప్పుడు కొలతకు కొలత, చుక్క ఎక్కువ లేదు. నేను నలభై ఏళ్ళుగా అందరికీ నేర్పిన పద్ధతే.

నాన్నగారు మనకు చదువు చెప్పారు కనుక నీకు అబద్ధం రాయను. పాలకు దోషం లేదని పుస్తకంలో ఉంది. స్నానం చేసి ఒక ఇల్లాలు కోసి ఇచ్చిన పూలకు దోషముందని నేను వెతికినంతలో లేదు. అది నేను పెట్టినదే. ఈ మాట ఆమెతో అనాలి. "రాజమ్మా" అని పిలవాలని దడి దగ్గరికి వెళ్ళి, ఎండుటాకులు ఏరి తిరిగి వస్తున్నాను.

నాలుగు రోజుల క్రితం, నువ్వు రైలెక్కిస్తూ నా చేతిలో పెట్టిన వెదురు సజ్జకు తాడు కట్టి, ఖాళీగా అటువైపు దించాను. ఆమె కోసిన పూలు దేవుడికి అడుగుతున్నానని చూస్తే అర్థమవుతుందనుకున్నాను.

వత్తులకు చెట్టుపత్తి అయిపోయింది, ఎవరైనా ఇటు వస్తుంటే పంపించు. పిన్నిగారికి నా నమస్కారాలు, ఆవిడ దీవెన నాకు కావాలని చెప్పు. మరిదిగారిని అడిగానని చెప్పు. పిల్లలకు ఆశీస్సులు. నా గురించి బెంగపడకు, వేళకు తింటున్నాను.

ఈ ఉదయం సజ్జ పైకి లాగాను. అడుగున రెండు రాధామనోహరం పూలున్నాయి. కాడలు చూశాను, తెంపినవి కావు, వాటంతట అవి రాలినవి. రాజమ్మ ఏరి వేసిందో, గాలికే పడ్డాయో తెలియదు. రాలిన పూలు పూజకు పనికిరావని నీకూ తెలుసు. వాటిని తులసి కోటలో ఉంచి, సజ్జ మళ్ళీ అటే దించాను.

నీ మేలు కోరే అక్క,
వెంకటరత్నం