చింతచెట్టు ఎక్కని మనిషి

కామారెడ్డి,
1938 జూన్ 14.

అన్న అబ్రాహాముకు,

చెల్లె మరియ ప్రభువు పేరట వందనాలు పెట్టి రాసేది. ఇక్కడ అందరం క్షేమమని రాసుడు మర్యాద. నాకు ఆ మర్యాద చాతనైతలేదు. నీ బావ దానియేలును మట్టి చేసి ఇరువై రోజులైంది.

నీ జాబు అందింది. పోలీసు పటేలు రెండెకరాల చెల్క భూమి రాసిస్తడట, నేను మాట పెంచొద్దట. శిక్ష పడితే పోయిన మనిషి తిరిగొస్తడా అని అడిగినవు. ఠాణాల కలం పట్టెటోనివి, నువ్వే అడుగుతున్నవా!

ఏం జరిగిందో నీకు తెల్వదా? నీ బావ మూడొద్దుల సంది జ్వరంతోని పండుకున్నడు. నిజాంసాగర్ చూడవోయే చుట్టాల సామాను మోయమని పటేలు పిలిచిండు. రేపొస్త బాంచెన్ అన్నడు. ఆ ఒక్క మాటకు పటేలు కట్టెతోని కొట్టిండు. నేను చూసిన, పక్కింటి హన్మంతు చూసిండు. పొద్దూకేటాలకు పానం పోయింది. నువ్వు పంచనామాల ఏం రాసినవు? చింతచెట్టు మీదికెళ్లి పడ్డడని! లేచి నిలబడలేని మనిషి చెట్టెట్ల ఎక్కిండు?

మట్టి చేసినంక హన్మంతు గొడ్డలి పట్టుకొని బయలెల్లిండు. కాళ్లు పట్టుకొని ఆపిన. నువ్వు నరికితే నిన్ను ఉరి తీస్తరు, పటేలు కొడుకులు నీ ఇంటి మీద పడ్తరు, ఈ పగ ఎన్నటికీ ఒడువదని చెప్పిన. మరి మనకు దిక్కెవరని అడిగిండు. అదాలతు ఉన్నదంటే నవ్విండు. ఆ నవ్వు నీ పుణ్యమే. న్యాయం దొరుకుతదని నమ్మినప్పుడే మనిషి గొడ్డలి కింద పెడ్తడు. ఆ నమ్మకాన్ని నువ్వు కలంతోని నరికినవు. మేకను ఎత్తుకపోయిన ఎల్లయ్యను ఆర్నెల్లు జేల్ల పెట్టించిన ఠాణాకు, మనిషిని సంపినోడు కనబడడా? శిక్ష పోయినోని కోసం కాదు. రేపు జ్వరమొచ్చి పండుకునే ఇంకొకని కోసం. మల్ల కట్టె ఎత్తేటప్పుడు పటేలు చెయ్యి వణకాలె. అందుకు!

నిన్న హన్మంతును తోల్కొచ్చి అదాలతుల మున్సిఫ్ సాబు ముందర నిలబడ్డ. నీ పేరు కూడ చెప్పిన. సమను వస్తది. వచ్చి నిజం చెప్పు. చెప్పకుంటే నాకు అన్న లేడనుకుంట.

నీ చెల్లె,
మరియ

మరొక్క మాట: పంచనామా కింద నా సంతకం ఉన్న సంగతి హన్మంతుకు తెల్వదు, ఊర్ల ఎవలకు తెల్వదు. నౌకరి పోతదని నువ్వు ఏడిస్తే, నా మొగడు చెట్టు మీదికెళ్లి పడ్డడని నేనే చేవ్రాలు పెట్టిన. హన్మంతు సాక్ష్యం చెప్పి బయటికి పోయినంక, సాబుకు అది గూడ చెప్పిన. అబద్ధపు సాక్ష్యానికి శిక్ష ఉంటది, తెలుసా అమ్మా అని అడిగిండు. తెలుసు, నా పేరే ముందు రాసుకొండ్రి అని చెప్పిన.