అందరి బాట

అక్కా,

నీకు చాకిరీ చేయలేకే ఈ కొండ ఊరికి పారిపోయానని అమ్మ అంటోందట. వేసవిలో మనందరం ఇక్కడికి వచ్చినప్పుడు, "అందరి బాట" అన్న బోర్డు నమ్మి నీ చక్రాల కుర్చీ తోసింది నేనే. చివర, లోయ కనిపించే చోట, నాలుగు మెట్లు అడ్డొచ్చాయి. "అయితే ఆ అందరిలో నేను లేనన్నమాట" అని నవ్వావు. నాన్న నిన్ను చంటిపిల్లలా ఎత్తుకెళ్లాడు. పైన ఉన్నంతసేపూ నువ్వు కళ్లు తెరవలేదు. నిన్ను దించమని నాన్నకు చెప్పలేకపోయాను.

అందుకే ఇక్కడ బాటలు బాగుచేసే పనిలో చేరాను. "నాలుగు మెట్లకి ఇంత రాద్ధాంతమేంటమ్మా" అని మేస్త్రీ విసుక్కుంటున్నాడు. అయినా రోజూ అడుగుతూనే ఉన్నాను. ఆ మెట్లు పోయి వాలుదారి పడేదాకా నేను ఇంటికి రావడం లేదు.