గద్దవీరుడు ఏమని దూకాడంటే

ఒరేయ్ కరీమూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లకు గండమన్నారే, అదీ గడిచింది. మావాడి ఉద్యోగం మాత్రం నిలిచింది. సరే, అసలు సంగతికొస్తాను. రెండు కంపెనీల వీరులనూ ఒకే కథలో కలిపిన బొమ్మల పుస్తకం ఆఖరి భాగం వచ్చింది. నీ గద్దవీరుడు బతుకుతాడా లేదా అని ఆస్పత్రి మంచం మీద కూడా బెంగపడ్డావు కదా, అందుకే క్వేకర్స్ హిల్ స్టేషన్‌లో రైలెక్కి, మనం బొమ్మల పుస్తకాలు కొనే కొట్టుకు వెళ్ళాను.

అక్కడ సంతాపసభ నడుస్తోంది! గద్దవీరుడు ఆఖరి పేజీలో "ఐయామ్ గోయింగ్" అని మంటల్లోకి దూకేశాడట. పచ్చజుట్టు పిల్ల ఒకతె ఏడుస్తోంది.

"హీ ఈజ్ డెడ్ అంకుల్! వేస్ట్ ఎండింగ్," అన్నాడు మన నెల్లూరు సాఫ్ట్‌వేర్ కిరణ్.

"ఏడిశావ్. ఇంట్లోంచి బయల్దేరుతూ 'వెళ్తున్నా' అంటే మీ అమ్మ ఊరుకుంటుందా?"

"నో వే. 'వెళ్ళొస్తా' అనమని తిడుతుంది."

"మరి? నాకు ఇంగ్లీషు రానప్పుడు ఇవన్నీ తెలుగులో చదివి వినిపించింది మా కరీమే. వాడైతే దీన్ని 'వెళ్ళొస్తా' అనే చదివేవాడు."

కిరణ్ అది ఇంగ్లీషులో చెప్పగానే కొట్టంతా నవ్వులు. ఆ పిల్ల ముక్కు తుడుచుకుని, "దెన్ హీజ్ కమింగ్ బ్యాక్!" అంది.

తిరుగు రైల్లో పుస్తకమంతా నీలాగే తెలుగులో పైకి చదివాను. ఎదుటి సీటావిడ లేచి వేరే పెట్టెలోకి వెళ్ళిపోయింది.

ఇక్కడ మేమంతా క్షేమం, నీ గద్దవీరుడితో సహా.