డెల్బర్ట్ రైఫిల్‌లో నంబరున్న ముక్క

కెంటకీ రాష్ట్రం, బ్రష్ ఫోర్క్ ఊరిలో ఉంటున్న ఓలీన్ స్కాగ్స్ అనే నేను, కీర్తిశేషులు డెల్బర్ట్ స్కాగ్స్ భార్యను, నా చేత్తో రాసుకున్న ఆఖరి వీలునామా ఇది. నా గుండె చెడింది, బుర్ర చెడలేదు. ఆ మాట డాక్టరు చేత కూడా రాయించి దీనికి జతపరిచాను. అమ్మకు మతి పోయిందని నా కొడుకు రాండల్ అంటాడు గనక అది అవసరమైంది. దీన్ని ఎవరి ఒత్తిడీ లేకుండా రాశాను. ఒత్తిడి చేసినవాడి సంగతి కింద వస్తుంది. తండ్రి రైఫిల్‌ను రాండల్‌కు ఇస్తూ మునుపు రాసిన వీలునామా ఇంతటితో రద్దు.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత ఇమోజీన్ కాడిల్‌కు అప్పగిస్తున్నాను. ఆమె ఈ కొండ దారుల్లో స్కూలు బస్సు నడిపి రిటైరైంది. రాండల్ పదో తరగతిలో ఉండగా బస్సులో ఒక పిల్ల జుట్టు పట్టుకుని లాగితే, వాణ్ణి వానలో దింపేసి బస్సు పోనిచ్చింది. ఆ రోజు ఆమెతో పోట్లాటకు వెళ్ళాను. ఇప్పుడు ఆమె తప్ప ఈ పనికి పనికొచ్చే మనిషి నాకు కనపడటం లేదు. నా ఇనప పెనం ఆమెకు. సబ్బుతో కడగవద్దు.

2. డెల్బర్ట్ పెట్టి, అతని తర్వాత నేను నడుపుతున్న తుపాకుల షాపును నేను పోయిన రోజునే మూసెయ్యాలి. ఉన్న సరుకంతా, తూటాలతో సహా, పక్క కౌంటీలో లైసెన్సున్న డీలరుకు అమ్మాలి. అమ్మకాల పుస్తకాలు చట్టం చెప్పినట్టు కేంద్ర ప్రభుత్వ ఆఫీసుకు పంపాలి.

ఈ వ్యాపారం మీద నాకు మిగిలింది రోత ఒక్కటే. డెల్బర్ట్ ఉన్నప్పుడు జనం షాపుకు వచ్చి, తుపాకి భుజాన పెట్టి చూసుకుని, వాతావరణం గురించి మాట్లాడి కొనుక్కునేవాళ్ళు. తర్వాత కంప్యూటరులో కొనడం మొదలైంది. అలా కొన్న తుపాకి తిన్నగా ఇంటికి రాకూడదు. లైసెన్సున్న షాపుకు రావాలి, కొన్నవాడు అక్కడ ఫారం నింపాలి, నేను నేరాల రికార్డు చూసే ప్రభుత్వ ఆఫీసుకు ఫోను చేసి వాడి పేరు చెప్పాలి, అవతలి నుంచి ఇవ్వొచ్చని జవాబు వచ్చేదాకా తుపాకి నా బల్ల ఇవతలే ఉండాలి. ఆ కాస్త ఆగడానికి ఏడుపు. "పిజ్జా గుమ్మంలోకి వస్తోంది కదమ్మా, తుపాకికేం రోగం?" అని ఒకడు. "పిజ్జా వల్ల చచ్చేది తిన్నవాడొక్కడే నాయనా" అన్నాను.

3. పాస్టరు బ్రదర్ ఎస్టిల్‌కు షాపులోని కాఫీ కాచే గిన్నె. మాడిన వాసన పోదు. తండ్రి తుపాకి కొడుక్కి చెందడం ఈ కొండల్లో తాతల నాటి పద్ధతి అనీ, అది ఆపితే కొడుకు మనసు విరుగుతుందనీ నాకు బోధించడానికి వచ్చినప్పుడల్లా ఆయన అందులోని కాఫీయే తాగాడు. నా కోడలి విరిగిన దవడ గురించి ఒక్కసారీ ఎత్తలేదు.

4. నా కొడుకు రాండల్‌కు అతను ఉంటున్న ట్రైలరు ఇల్లు, దాని కింది నేల, నా పికప్ బండి. రోడ్డు మీద పడేశానని అనడానికి లేకుండా ఇస్తున్నాను.

మిగతా విషయం ఈ కాగితం చదివేవాళ్ళందరికీ తెలియాలి. రాండల్ తన భార్య మిస్టీ దవడ విరగ్గొట్టి కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. అలా శిక్ష పడినవాడు తుపాకి కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు, ఇంకొకరి చేత కొనిపించుకోకూడదు. చట్టం ఇంతే.

తర్వాతి ఏడాది మిస్టీ పేరు మీద కంప్యూటరులో ఒక పిస్తోలు కొన్నాడు. పార్సిలు నా షాపుకే వచ్చింది. అమ్మే కదా అనుకుని ఉంటాడు. మిస్టీ లోపలికి వచ్చింది, వాడు బయట బండి ఇంజను ఆపకుండా కూర్చుని కిటికీ ఊచల్లోంచి చూస్తున్నాడు. ఈ తుపాకి నిజంగా మీ కోసమే కొంటున్నారా అని ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది. అక్కడికి వచ్చి ఆమె పెన్ను ఆగిపోయింది.

"ఎవరికే ఇది?" అన్నాను.

"నాకే అని రాయమన్నాడు అత్తయ్యా. రాయకుండా ఇంటికెళ్తే ఏమవుతుందో నీకు తెలుసు. రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు."

పిస్తోలు ఇవ్వలేదు, వచ్చిన చోటికే తిప్పి పంపాను. ఆమెను ఆ రాత్రికి నా దగ్గర ఉండిపొమ్మన్నాను. కూతురు కేలీ ఇంట్లో ఉందని వెళ్ళిపోయింది. షెరీఫ్ ఆఫీసుకు ఫోను చేస్తే, తుపాకి చేతికి అందలేదు కదా, ఇంక నేరమెక్కడ అని నన్నే అడిగారు. మిస్టీ కొన్నాళ్ళు చర్చికి రాలేదు. వచ్చినప్పుడు మొహాన పౌడరు దట్టంగా ఉంది. చర్చిలో అందరూ పాటల పుస్తకంలోకి చూశారు.

5. రాండల్ బుద్ధిహీనుడు కాడు. అయ్యుంటే బాగుండేది. తుపాకి మొత్తంలో చట్టం తుపాకి అనేది ఒక్క ముక్కనే. నంబరు కొట్టిన నడిమి ఇనప ముక్క అది. గొట్టం, మడమ, ట్రిగ్గరు, దుర్బీను వట్టి విడిభాగాలు. వాటిని కంప్యూటరులో ఎవరైనా కొనుక్కోవచ్చు, ఫారం లేదు, ఫోను లేదు, పోస్టువాడు గుమ్మంలో పడేసి పోతాడు. రాండల్ ఒక్కొక్కటే తెప్పించాడు, అన్నీ తన తండ్రి రైఫిల్‌లో పాడైన భాగాల బదులు సరిపోయేవే. థాంక్స్‌గివింగ్ పండగ నాడు వాటిని తెచ్చి నా వంటింటి బల్ల మీద, చిక్కుడు గింజల గిన్నె పక్కన వరసగా పేర్చాడు. మిస్టీ, కేలీ అక్కడే ఉన్నారు.

"చూడమ్మా, అంతా చట్ట ప్రకారమే. ఇంక ఒక్కటే తక్కువ, అది నీ బీరువాలో ఉంది. నువ్వు రాసిస్తే వచ్చేదానికి ఫోనూ లేదు, ఫారమూ లేదు. ఇంటర్నెట్‌లో చదివాను" అన్నాడు.

వాడు సగం చదివాడు. వీలునామా మీద వచ్చేదానికి షాపు అక్కర్లేదన్న మాట నిజమే. కానీ తుపాకి ఉండకూడని చేతిలో అది తల్లి ఇచ్చినా ఉండకూడదు, తెలిసి ఇచ్చినవాళ్ళూ నేరస్థులే. ఈ ముక్క వాడికి చెప్పలేదు. ఆ బల్ల దగ్గర మిస్టీ తన పళ్ళెంలోని రొట్టెను పొడి పొడి చేస్తూ కూర్చుంది, తినలేదు. నేను ఆమె చేతులనే చూస్తూ ఉన్నాను.

అప్పటి నుంచి వాడు తరచుగా వస్తున్నాడు. నా గుండె ఎలా ఉందని అడుగుతాడు, జవాబు పూర్తయ్యేలోపే బీరువా తాళం ఎక్కడ పెడుతున్నావంటాడు. ఈ మనిషిని కన్నాను, పాలిచ్చాను.

6. కనక డెల్బర్ట్ రైఫిల్‌లో నంబరున్న ముక్కను రాండల్‌కే ఇస్తున్నాను. నశ్యం డబ్బాలో పెట్టి ఉంది. వెండెల్ ఫ్యూగేట్ దాన్ని తన వెల్డింగ్ షాపులో, నా కళ్ళ ముందు, చట్టం చూపించిన చోటల్లా మంటతో కోశాడు. ఇప్పుడది తుపాకి కాదు, తుక్కు ఇనుము, రాండల్ నిక్షేపంగా ఉంచుకోవచ్చు. ఊళ్ళో బొగ్గు గని మూతపడిన చలికాలం ఆ రైఫిల్ తెచ్చిన జింక మాంసంతోనే బతికాం. అది మరిచిపోయి కోయించలేదు.

7. మనవరాలు కేలీకి డెల్బర్ట్ గాలం కర్ర, పురుగుల డబ్బా. గాలం వేసినప్పుడు ఊరికే మాట్లాడకూడదని ఆమెకు తాత కన్నా బాగా తెలుసు.

8. షాపు కట్టడం, పైన నేనుంటున్న గదులు, పొయ్యి, మంచాలు, సమస్తం కోడలు మిస్టీకి, ఆమె ఒక్కదాని పేరున. తుపాకులు ఎవరూ ఎత్తుకుపోకుండా కట్టిన కట్టడం అది. కిటికీలకు ఊచలున్నాయి, తలుపు ఉక్కుది, లోపలి నుంచి మూడు గడియలు. తాళాలు కొత్తవి వేయించాను. రాండల్ దగ్గరున్న చెవి ఇక పట్టదు.

9. ఈ అంశాన్నీ, షాపు మూసే రెండో అంశాన్నీ ఇమోజీన్‌కు నోటితోనూ చెప్పాను, ఈ కాగితం పెట్టిన కవరు మీదా రాశాను. నన్ను పాతిపెట్టాక రాండల్ కవరు విప్పమంటాడు. విప్పవద్దు. ముందు ఇమోజీన్ బస్సు నడిపినట్టే నడుపుకుంటూ వెళ్ళి, బడి దగ్గర కేలీని, పని దగ్గర మిస్టీని ఎక్కించుకుని, షాపు దగ్గర దింపి, నేనిచ్చి ఉంచిన కొత్త చెవులు మిస్టీ చేతికిచ్చి రావాలి. తర్వాత తన ఇంట్లో ఫోను పక్కన కూర్చోవాలి. రాండల్ కేకలెయ్యనీ, బ్రదర్ ఎస్టిల్ ప్రార్థన చెయ్యనీ. మిస్టీ ఫోను చేసి, మూడు గడియలూ వేశానని తన నోటితో చెప్పాకే ఇందులో మొదటి అక్షరం చదవాలి. ఆమె వెళ్ళనంటే బలవంతం వద్దు, ఫోను వచ్చేదాకా కవరు విప్పవద్దు.

నా బల్ల మీది నుంచి జవాబు రాకుండా ఏదీ ఎవరి చేతికీ వెళ్ళలేదు. ఇదీ అంతే.

2023 అక్టోబరు 19, బ్రష్ ఫోర్క్.

(సంతకం) ఓలీన్ స్కాగ్స్

సాక్షులు:
వెండెల్ ఫ్యూగేట్, వెల్డింగ్ షాపు
లోరెటా బ్యాక్, ఆస్పత్రి నర్సు