బావ మాస్టరైన సంగతి

గోడాదరా, సూరత్

లక్ష్మక్కకు నమస్కారం. ఇక్కడ నేనూ బావా బాగున్నాం. నువ్వూ పిల్లలూ ఎలా ఉన్నారు? అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఎండలకు రేకుల గదిలో ఉడికిపోతున్నాం. మెస్సులో పప్పులో కూడా బెల్లం వేస్తారు. నువ్వు పంపిన కారప్పొడితోనే నెట్టుకొస్తున్నాం. మా గురించి దిగులు పడకు, బాగానే ఉన్నాం.

ఇది బావ చెబితే రాస్తున్న ఉత్తరం కాదు, నేనే రాస్తున్నాను. పోయినసారి ఆయన చెప్పినదాంట్లో ఒక సంగతి ఎగ్గొట్టాను. మా మరమగ్గాల షెడ్డు సేఠ్ బావను మాస్టర్‌ను చేశాడు. ఇరవై నాలుగు సాంచాలు ఇప్పుడు ఆయన కిందే నడుస్తున్నాయి, నాది కూడా. "లచ్చిమికి ముందుగాల గదే రాయి" అన్నాడు. నేను ఎండల గురించి రాశాను.

కుళ్లుకున్నాను అక్కా, దాచడమెందుకు? పదో తరగతి ఫస్టున పాసైనవాణ్ణి నేను. బావకు సంతకం రాదు. ఒకరోజు నా సాంచా ఊరికే పోగులు తెంపుతుంటే విప్పి, బిగించి, పూటంతా కొట్టుకున్నాను. బావ వచ్చి దాని మీద చెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని విన్నాడు. ఒక్క బోల్టు తిప్పాడు. అంతే, తెగడం ఆగింది.

"ఎట్ల తెలిసింది బావా?"

"గది చెప్తది గద. నీకు ఇనొస్తలేదా?"

వెక్కిరించలేదు, నిజంగానే అడిగాడు. అందుకే ఇంకా మండింది.

మొన్న నీ జవాబు వచ్చింది. చదివి వినిపించేదీ నేనే కదా. "మాస్టర్ ముచ్చట ఏమన్న రాసిందా?" అన్నాడు. నోటికొచ్చింది చదివాను, నువ్వు వాడకట్టంతా చక్కెర పంచావని. "జర మళ్ల సదువు" అని మూడుసార్లు చదివించుకున్నాడు. మూడోసారి కాగితంలో మొహం దాచుకుని చదివాను. అప్పుడు గదిలోవాళ్లతో అన్నాడు: "మా బామ్మర్ది సదివితే లచ్చిమి ఎదురుంగ కూసొని మాట్లాడినట్టే ఉంటది. గసొంటి తెలివి నాకేడిది?"

నా కుళ్లు పూర్తిగా పోలేదు. ఆయన చెవులు నాకుంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ ఒక్క పని చేసిపెట్టు. ఈ ఉత్తరం అందిన రోజే చక్కెర పంచు. ఎవరెవరు తీసుకున్నారో, ఏమన్నారో పేరుపేరునా రాయి. ఈసారి కాగితం మీద ఉన్నదే చదువుతాను.

అమ్మకు దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. నన్ను తిట్టినా సరే, నీ దీవెన మాత్రం ఆపకు.

నీ తమ్ముడు
శంకర్