జానెడు అంబాసిడర్

13 సెప్టెంబర్ 2011, కోరుట్ల

సకల జనుల సమ్మె మొదలైంది. మా ఆఫీసుకు తాళం. రాష్ట్రం వచ్చేదాకా ఒక్క ఫైలూ ముట్టేది లేదు. (మామూలు రోజుల్లో మహా ముట్టినట్టు!)

ఉదయం పది: సమ్మె శిబిరంలో కూర్చున్నాను.
పదిన్నర: నడుము నొప్పి.
పదకొండు: జీవితాశయం దొరికింది!

నెట్ సెంటర్లో చూశాను. ఎవరో తెల్లాయన అట్ట ముక్కతో బుల్లి కారు తలుపు పిడి చేసి, రంగేసి, గోరు మీద పెట్టి చూపిస్తున్నాడు. ఒక్క ముక్క కూడా కొనడట, అన్నీ చేత్తోనే! ఆయన చేయగలిగింది డిగ్రీ చదివిన నేను చేయలేనా?

తీర్మానం: దసరాకల్లా మా మామ అంబాసిడర్‌ను జానెడు సైజులో కట్టి ఆయన చేతిలో పెడతాను. కొన్న ముక్క ఒక్కటీ వాడను.

మామంటే నా భార్య వనిత వాళ్ళ నాన్న, మల్లేశం. తాళ్ళెక్కి కల్లు గీసే ఇంట్లో పుట్టి స్టీరింగు పట్టాడు. జగిత్యాల–కోరుట్ల మధ్య తెల్ల అంబాసిడర్ టాక్సీ తోలాడు. చూపు మందగించి పోయినేడు అమ్మేస్తే, కొన్నవాడు దాన్ని తుక్కు కింద కోయించాడు. అప్పటినుంచి మామ అరుగు మీద కూర్చుని రోడ్డు చూస్తాడు. మాట్లాడడు. ఫోన్ చేస్తే "ఆ" అని అత్తమ్మకిచ్చేస్తాడు.

వనిత అంది: "ఆలోచన మంచిగనే ఉన్నది. గని అయినంక చెప్పు. ముందుగాల చెప్పకు."

అప్పటికే చెప్పేశాను.

14 సెప్టెంబర్

సామాను సిద్ధం!

టైర్లు: నా పాత హవాయి చెప్పులు. (చిన్నప్పుడు మేం బండి గిర్రలు చేసింది వీటితోనే. ఆ తెల్లాయనకు ఈ సంగతి తెలియదు పాపం.)
బంపర్లు: మందు గోలీల షీటు మీది వెండి కాగితం.
సైలెన్సర్: అయిపోయిన రీఫిల్.
రంగు: కిటికీలకు వేయగా మిగిలిన తెల్ల పెయింటు.
బాడీ: అటక మీద దొరికిన గట్టి కార్డులు. నాలుగు కలిపి గమ్ముతో అతికిస్తే రేకే!

సాయంత్రం వనిత ఆ కార్డులు చూసింది.

"గివి మన పెండ్లి కార్డులు గాదా?"

"పంచగా మిగిలినవే గదా" అన్నాను.

మళ్ళీ మాట్లాడలేదు. మాట్లాడకపోవడం వీళ్ళ వంశంలోనే ఉన్నట్టుంది.

16 సెప్టెంబర్

ముందు గ్రిల్ చేస్తాను. అంబాసిడర్‌కు ముఖమే అది. సన్నని ఇనుప పుల్లలు కావాలి. సిరిసిల్ల వెళ్ళాను. అక్కడ మా పెద్దనాన్న కొడుకు సమ్మయ్యన్న మరమగ్గాలు నడుపుతాడు. మగ్గంలో దారాలను దువ్వెనలా విడదీసే పన్నె ఒకటి, విరిగింది, నాకిచ్చాడు. నిండా పుల్లలే!

"దేనికిరా?"

"కారుకు."

"గీ పుల్లలతోనా?"

"జానెడు కారన్నా."

అన్న నన్ను ఎగాదిగా చూశాడు. "సమ్మె మొదలై నాలుగు దినాలు కాలే. అప్పుడే తలకెక్కిందా?"

కళ విలువ అందరికీ తెలియదు. కల్లు మాత్రం బాగుంది. ఇవాళ ఇంకేం పని జరగలేదు.

20 సెప్టెంబర్

గ్రిల్ పూర్తి!! నాలుగోసారికి కుదిరింది. మూతి కాస్త ఎడమకు వంకర పోయింది. దూరం నుంచి చూస్తే తెలియదు. బాగా దూరం నుంచి.

మామ ఫోన్ చేశాడు. తనంతట తానే!

"అల్లుడా, డోర్లకు హ్యాండిళ్ళు పెడుతున్నవా?"

"పెడుతున్న మామా."

"ఎడమ దిక్కు ఎనుక డోరుది జర కిందికి వంగి ఉంటది. పెండ్లోళ్ళు గుంజి గుంజి వంచిండ్రు. గట్లనే పెట్టు."

ఏడాదిలో ఆయన ఇన్ని మాటలు మాట్లాడింది ఇవాళే. తర్వాత అత్తమ్మ అందుకుంది: "టీవీ మీది బొమ్మలన్ని తీసేసి జాగ జేసిండు బిడ్డా. వాడకట్టంత చెప్పుకచ్చిండు, నా బండి అస్తున్నదని."

ఫోన్ పెట్టేసి కారు వైపు చూశాను. హ్యాండిళ్ళ దాకా ఎందుకు, ఇంకా డోర్లే లేవు.

23 సెప్టెంబర్

బస్టాండు ముందు రోడ్డు మీద వంటావార్పూ. నా కట్టర్ అడిగారు, ఉద్యమం కోసం ఇచ్చాను. దాంతో బస్తాడు ఉల్లిగడ్డలు కోశారు. ఇప్పుడది అట్టను కోయడం లేదు, ఏడిపిస్తోంది.

కాబట్టి ఇవాళ పని లేదు. తప్పు నాది కాదు.

26 సెప్టెంబర్

కరెంటు కోత. గనుల్లో సమ్మె, బొగ్గు లేదు. బొగ్గు లేక కరెంటు లేదు. కరెంటు లేక మామ డోరు లేదు. ఇంత పెద్ద పోరాటంలో నా వంతు త్యాగం!

"పగటీలి జేయరాదా?" అంది వనిత.

పగలు ఉక్కపోత. చెప్పినా ఆమెకు అర్థం కాదు.

29 సెప్టెంబర్

అద్భుతం! నంబర్ ప్లేటు పూర్తి!

టాక్సీ ప్లేటు పసుపుపచ్చగా ఉండాలి. పెయింటు షాపు బంద్. వంటింట్లోంచి చిటికెడు పసుపు, వనిత దగ్గర నుంచి రంగులేని గోళ్ళ పాలిష్ తెచ్చి కలిపాను. కాటుకలో అగ్గిపుల్ల కొన ముంచి అక్షరాలు దిద్దాను. ఏపీ 15, కింద మామ బండి నంబరు. ఇంత చిన్న పని నా చేత్తో జరిగిందంటే నాకే నమ్మకం కలగలేదు. (మూడు రోజులు పట్టింది. బాడీ అలాగే ఉంది. అడక్కండి.)

జేబులో పెట్టుకుని శిబిరంలో అందరికీ చూపించాను. మా ఆఫీసు శేఖర్ మండిపడ్డాడు.

"ఏపీ అని రాస్తవా? మేం ఊరందరి బండ్ల మీద టీజీ రాస్తున్నం!"

"మామ బండి మీద అదే ఉండేది. కళలో అబద్ధం చెప్పొద్దు గద శేఖరన్నా" అన్నాను.

శిబిరంలో నన్ను వెనక వరుసకు పంపారు.

2 అక్టోబర్

ప్రస్తుత పరిస్థితి:
గ్రిల్: అయింది.
నంబర్ ప్లేటు: అయింది.
బాడీ: అడుగు, నాలుగు పక్కలు. పైకప్పు లేదు. డోర్లు పెన్సిల్ గీతలు.
టైర్లు: లేవు. కొత్త చెప్పులు తెగిపోతే పాతవే వేసుకుంటున్నాను.

మామ ఫోన్. "అయిందా అల్లుడా?"

"అయిపోవచ్చింది మామా."

వనిత నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను.

4 అక్టోబర్, సద్దుల బతుకమ్మ

ఘోరం!!!

పొద్దున బాడీకి గ్రిల్ అతికించి తెల్లరంగు వేశాను. ఆరాలని తాంబాళంలో బోర్లించి, వరండాలో పెట్టి శిబిరానికి పోయాను. వచ్చేసరికి కారు లేదు. తాంబాళంలో నడుమెత్తు బతుకమ్మ ఉంది!

ఇంటి ఓనరు భూమవ్వ మురిసిపోతోంది. "నడుమల ఆకులు నింపే పని తప్పిచ్చినవ్ కొడుకా! అట్టపెట్టె మంచిగ ముందే పెట్టినవ్. సుట్టూర పేర్చినం, ఎంత గట్టిగ నిలవడ్డదో సూడు!"

చుట్టూ గునుగు, తంగేడు, బంతి. పైన గౌరమ్మ. ఆ తల్లిని దించి, కిందనుంచి కారు లాగుతానంటే కోరుట్ల ఆడవాళ్ళు నన్ను బతకనిస్తారా?

సాయంత్రం ఆడారు, పాడారు, వాగులో వదిలారు. ఒడ్డున నిలబడి చూశాను. పూలు తేలుతూ పోయాయి. కారు మునిగింది. తొంభై శాతం పూర్తయిన కారు!

"పైకప్పు లేని బండి తొంభై శాతమా?" అంది వనిత. ఆ వెంటనే "మన పెండ్లి కార్డులు సుత వాగుల కలిసినయ్" అని అటు తిరిగింది. ఏడుస్తోందనుకుని దగ్గరికి పోయాను. నోట్లో కొంగు కుక్కుకుని నవ్వుతోంది!

మామకు ఏం చెప్పాలి?
ఒకటి: పోలీసులు పట్టుకుపోయారు.
రెండు: నాకు జ్వరం.
మూడు: జగిత్యాలకు బస్సుల్లేవు. (నాకు మోటార్ సైకిల్ ఉందని మామకు తెలుసు. కొనిచ్చిందే ఆయన.)

6 అక్టోబర్, దసరా, జగిత్యాల

వెళ్ళక తప్పలేదు. "అబద్ధం జెప్తే నేనే జెప్త" అని వనిత దారి పొడుగునా హెచ్చరించింది.

టీవీ మీద తెల్ల గుడ్డ పరిచి ఉంది. దాని పక్కన కుంకుమ, నిమ్మకాయ. ఆయుధపూజకు! జానెడు బండికి సరిపోయేలా అత్తమ్మ బంతి రెక్కలతో చిటికెన వేలంత దండ కూడా గుచ్చింది. ఆ దండ చూడగానే నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఇన్ని రోజులు ఈ డైరీలో రాసిన సాకులన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

ఉన్నదున్నట్టు చెప్పాను. జేబులోంచి నంబర్ ప్లేటు తీసి ఆయన చేతిలో పెట్టాను.

మామ దాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. "గింతేనా?"

"గింతే మామా."

"బతుకమ్మ కింద పోయిందా నా బండి?"

"పోయింది."

మామ భుజాలు అదిరాయి. కోపం అనుకున్నాను. నవ్వు! ఇల్లు ఎగిరిపోయేంత నవ్వు. అత్తమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"తుక్కోడు కోసినప్పుడు నా బండి మీద ఒక్క పువ్వు వేసినోడు లేడే! గిప్పుడు ఊరి ఆడోళ్ళంత పాటలు పాడి సాగదోలిండ్రు!" అన్నాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

ప్లేటును తెల్ల గుడ్డ మీద పెట్టాడు. "పసుపు అల్లుడే పూసిండు. నువ్వు కుంకుమ పెట్టు" అన్నాడు అత్తమ్మతో. దండ వేశారు. నిమ్మకాయ పెట్టారు. బండి లేని నంబరుకు ఇంత ఘనంగా పూజ నేనెక్కడా చూడలేదు.

దండం పెట్టుకున్నాక మామ నా వైపు తిరిగాడు. "అల్లుడా, ఏపీ అని ఎందుకు రాసినవ్?"

"నీ బండి మీద గదే ఉండె గద."

"గది పోయిన బండి. గిప్పుడు కట్టేది కొత్త బండి. టీజీ రాయి."

మిగిలిన ఒకే ఒక్క ముక్క. అదీ పోయింది!

8 అక్టోబర్, కోరుట్ల

తీర్మానం: దీపావళికల్లా మామ అంబాసిడర్‌ను జానెడు సైజులో కడతాను. కొన్న ముక్క ఒక్కటీ వాడను. తాంబాళంలో ఆరబెట్టను.

ఈసారి మామ మా ఇంటికే వచ్చి కూర్చున్నాడు. తన బండి కిరాయికి పోయిన పెళ్ళిళ్ళ కార్డులు సంచినిండా తెచ్చాడు. మా పెళ్ళివి మిగిలిన వాటి జోలికి పోవద్దని ఆయన కూతురు ముందే చెప్పిందట. మామ పొద్దుటినుంచి నోరు మూయలేదు. మాట్లాడని మామే నయం!

"ముందుగాల పైకప్పు జేయిండ్రి" అంటోంది వనిత. ఆమెకేం తెలుసు? ముందుగా కావాల్సింది డోరు హ్యాండిలే. కూర్చున్నాను. కోశాను. నున్నగా రుద్దాను. నా జీవితంలో మొదటిసారి ఒక ముక్క తిన్నగా వచ్చింది. గోరు మీద పెట్టి, ఆ తెల్లాయన లాగే, మామకు చూపించాను.

మామ కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసి, పక్కన పడేశాడు.

"ఎడమ దిక్కు ఎనుక డోరుదిది. వంకరుండాలె. మళ్ళ జేయి."