కాకి ముట్టని అన్నం

అమ్మా,

ఈ రోజు నీ మొదటి తిథి. అరటికాయ కూర, గారెలు, పాయసం నీ పద్ధతిలోనే వండాను. తమ్ముడు స్నానం చేసి, తనే కాకికి వడ్డించిన ఆకు తీసుకెళ్లి డాబా గోడ మీద పెట్టాడు.

స్కిజోఫ్రెనియా వచ్చినప్పటి నుంచి అన్నంలో విషం ఉందని వాడికి భయం కదా. రోజూ నువ్వు ముందు కాకికి పెట్టేదానివి. అది తిన్నాకే వాడు తినేవాడు, ఆ తర్వాతే మాత్ర. నువ్వు పోయాక నేనూ అలాగే నెట్టుకొచ్చాను.

ఈ రోజు ఒక్క కాకీ రాలేదు. కురుచికుప్పం ఒడ్డున చేపలు ఎండేశారేమో, అన్నీ అక్కడికి పోయుంటాయని చెప్పాను.

"కాదక్కా. ఈ పొద్దు కాకిగా వచ్చేది అమ్మ. అమ్మకే తెలిసిపోయింది, దీంట్లో ఏందో కలిపినారు."

"ఎవురు కలుపుతార్రా? వండింది నేనే. చూడు, నేను తింటా."

ముద్ద నోటి దాకా వచ్చేసరికి నా చెయ్యి పట్టేసుకున్నాడు.

"తినబాకక్కా, చచ్చిపోతావు! నువ్వూ పోతే నాకెవురుండారు?"

ఏడుస్తూ వండిందంతా పారబోశాడు. మాత్ర వేసుకోలేదు. ఇప్పుడు వంటింటి గుమ్మానికి అడ్డంగా కూర్చుని నన్ను లోపలికి పోనివ్వడం లేదు.

నా మీద అనుమానమైతే ఏదో ఒకటి చెప్పి ఒప్పించేదాన్నమ్మా. నా ప్రాణం కోసం కాపలా కూర్చున్నవాడికి ఏం చెప్పను?